గీత గీసిన రోజులు

రోజు 4,406

తొట్లు పన్నెండూ సమం.

మూడో వీధిలో పెళ్లి. జనం అంతా ఒక పక్కకే చేరతారని ముందే తెలుసు. కాబట్టి తెల్లవారగానే మూడో తొట్టిలోంచి నూట పది బిందెల నీళ్లు ఎదురుగా ఉన్న తొమ్మిదో తొట్టికి తోడాను. మేముండేది ఆకాశంలో తిరిగే చక్రంలో, బరువు ఒక పక్కకు ఒరిగితే అది వణుకుతుంది. ఇవాళ వణకలేదు. పెళ్లివాళ్లకు ఈ సంగతే తెలియదు. తెలియకపోతేనే నీళ్లు చూసుకునే నీరుగంటి పని బాగా చేసినట్టు.

నా కూతురు సుంకులుకు మందు ఎక్కించే రోజు 4,427. ఇంకా ఇరవై ఒక్క రోజులు. మూడు నెలలకోసారి సెలైన్‌లో కలిపి, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా బొట్టు బొట్టుగా నరంలోకి. ఇప్పటికి ఏడుసార్లు అయింది. మొదటిసారి మాత్రం రెండు రోజులు జ్వరం కాసింది. పిల్లకు పుట్టుకతోనే పెళుసు ఎముకలు. మందు రాకముందు తుమ్మినా పక్కటెముక విరిగేది. ఇప్పుడు ఎనిమిదేళ్ల పిల్ల గోడ కమ్మీ పట్టుకుని పదకొండు అడుగులు వేస్తుంది. పన్నెండో అడుగు ఎత్తబోతే నా భార్య ఈరమ్మ ఆపుతుంది.

"పన్నెండేస్తే ఏమైతాది మా?"

"పన్నెండు మీ నాయన తొట్లకు. నీకు పదకొండు చాలు. కూచో."

రోజు 4,407

తొట్లు పన్నెండూ సమం. పెళ్లి రెండో రోజు.

సుంకులు: ————————

రోజు 4,409

తొట్లు సమం. ఆరో తొట్టి మట్టం రెండుసార్లు తప్పు రాసి కొట్టేశాను.

పొద్దున లెక్కరి నుంచి కాగితం వచ్చింది. భూమి నుంచి ఏడాదికొక ఓడ వస్తుంది. అందులో వచ్చే సరుకు ఎవరికి ఎంత అని తేల్చే యంత్రాన్ని ఇక్కడ లెక్కరి అంటాం. సుంకులుకు మొదటి ఏడు ఎక్కింపులూ డాక్టరు మాట మీద ఇచ్చారు. ఎనిమిదోది లెక్కరి తేల్చాలి. తేల్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"సంరక్షకుని దినచర్య పుస్తకం ప్రకారం గడిచిన ఏడాదిలో విరిగిన ఎముకలు: సున్న. ఎనిమిదో ఎక్కింపు అవసరం లేదు. ముందుజాగ్రత్తగా పిల్లను 4,430వ రోజులోపు ఇరుసుకు మార్చవలెను. అక్కడ బరువు ఉండదు కనుక విరిగే ప్రమాదం లేదు."

చక్రం తిరుగుతున్నంతకాలం అంచున ఉన్న మాకు నేల ఉంది, బరువు ఉంది. నడిమధ్య ఇరుసు దగ్గర ఏ బరువూ లేదు. ఓడలు ఆగేది అక్కడే. అక్కడ పిల్ల పడదు, విరగదు. నడవదు కూడా. బరువు మొయ్యని ఎముక ఇంకా పలచబడుతుంది, మళ్లీ కిందికి దిగడం ఉండదు.

సున్న అట. ఈ ఇంట్లో నా కళ్ల ముందు జరిగింది సున్న అట.

నాకు కోపం వస్తే మాట రాదు. అందుకే రాస్తున్నాను. ఈ పుస్తకం వారానికోసారి లెక్కరే చదువుతుంది. ఇదీ చదవనీ.

రోజు 4,410

తొట్లు సమం.

పంపకాల కచేరీకి వెళ్లాను. అధికారి పేరు ముకుందరావు. కిందటి ఓడలో వచ్చాడు. మర్యాదస్తుడు, కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"పుస్తకం మీదే కదండీ?"

"నాదే సార్."

"రాత మీదే కదా?"

"నాదే."

"మరి విరిగిందని ఎక్కడ రాశారో చూపించండి. నేనే సరిదిద్దుతాను."

4,407 పేజీ తీసి వేలు పెట్టాను.

"ఇది గీత కదండీ?"

"అవును సార్. గీతే."

"గీత అంటే ఏమీ లేదని. లెక్కరి అలాగే చదువుతుంది. ఎవరైనా అలాగే చదువుతారు."

వెనక్కి తిప్పాను. ఒక గీత. ఇంకా వెనక్కి. ఇంకో గీత. ఏడాదిలో ఆరు. ఆరూ నా చేత్తో గీసినవే.

ఇది చదివేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. మేం కింద భూమ్మీద అనంతపురం వైపు చెరువుల మీద నీళ్లు చూసిన వాళ్ల సంతతి. బియ్యం అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిందని అనం, కొండెక్కిందంటాం. నీరుగంట్లకు ఇంకొకటి ఎక్కువ. గట్టు తెగి నీళ్లు పోతే దాని పేరు నోటితో అనకూడదు, చేత్తో రాయకూడదు. రాస్తే మళ్లీ తెగుతుంది. చక్రం మొదటి నీరుగంటి ముత్యాలప్ప ఆ చోట గీత గీసి వదిలేసేవాడు. నేను అక్షరాలు నేర్చుకున్నది పైపుల మీదా డబ్బాల మీదా చూసి. పుస్తకం రాయడం మాత్రం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తొట్టి తెగినా గీత. ఇంట్లో పిల్ల ఎముక విరిగినా గీత. వేరేగా రాయాలని నాకు ఏనాడూ తోచలేదు.

"సరే, గీతల సంగతి వదిలేయండి" అన్నాడు ముకుందరావు. "మందు కొంచెమే వచ్చింది. ఇరుసు రేవులో పనిచేసేవాళ్లకి బరువు లేక ఎముకలు పలచబడుతున్నాయి. వాళ్లు భూమికి వెళ్లాలంటే ఇదే మందు కావాలి. పనిచేసే ఎముకలు ముందు కదండీ."

పనిచేసే ఎముకలు. ఆ మాట అన్నాక ఆయన మంచినీళ్లు తాగాడు. ఆ నీళ్లు నా నాలుగో తొట్టివి.

అక్కడి నుంచి డాక్టర్ షంషాద్ దగ్గరికి వెళ్లాను. సుంకులు పుట్టినప్పటి నుంచి చూస్తున్నది ఆమే. సంగతి విని తల పట్టుకుంది.

"రాసి పెట్టుకో అన్నా అని ఎన్నిసార్లు చెప్పింటి? ఇరిగినప్పుడల్లా బిడ్డను ఈడికి మోసుకొస్తే దోవలో ఇంకోటి ఇరుగుతుందని, ఇంట్లోనే బద్దలు పెట్టి కట్టు కట్టేది నేర్పిస్తి. రాసే పని నీకిస్తి."

"రాసినా."

"గీసినావు."

ఆమె సుంకులు ఎక్స్‌రే బయటికి తీసి వెలుగుకు పెట్టింది. మోకాలి దగ్గర ఎముకకు అడ్డంగా సన్నటి తెల్లగీతలు. మెట్లలా ఒకదాని మీద ఒకటి.

"ఎంచు."

ఎంచాను. ఏడు.

"మందు ఎక్కించిన ప్రతిసారీ పెరిగే ఎముక ఒక గీత గీసుకుంటాది. ఏడుసార్లకు ఏడు. నీకంటే దాని ఎముకే మేలన్నా. లెక్క సరిగ్గా రాసుకుంది."

"ఇరిగినవి కనపడవా?"

"అతుక్కున్న గుర్తులుండాయి. ఎప్పుడు ఇరిగినాయో ఉండదు. పోయినేడా, అంతకు ముందేడా అని అడుగుతారు. తేదీ నీ పుస్తకంలోనే ఉండల్ల."

రోజు 4,412

తొట్లు సమం. నెలకోసారి ఇరుసులో ఉండే చిన్న తొట్టి చూడాలి. లిఫ్టులో వెళ్లాను.

అక్కడ బసమ్మ ఉంటుంది. పన్నెండేళ్లు. సుంకులుకు ఉన్న జబ్బే. నాలుగేళ్ల కిందట మార్చారు. మునగకాడల్లాంటి కాళ్లు. గోడను వేలితో నెట్టి చేపలా నా దగ్గరికి వచ్చింది. నాలుగేళ్లలో ఒక్క ఎముక విరగలేదు. కాగితం మీద ఆమె ఆరోగ్యవంతురాలు.

"నీరుగంటి మామా, ఒకటి అడుగుతా, నగకూడదు."

"అడుగు మా."

"కింద నీళ్లు పోస్తే కారతాయి గదా. అప్పుడు వచ్చే చప్పుడు ఎట్లుంటాది? నాకు గ్యాపకం రాలేదు."

ఇరుసులో నీళ్లు ఉండలు కట్టి తేలుతాయి, చప్పుడు చెయ్యవు. పన్నెండేళ్లుగా నీళ్ల పని చేస్తున్నాను. నాకు చెప్పడం చేతకాలేదు. తొట్టి చూసుకుని దిగి వచ్చేశాను.

రోజు 4,413

తొట్లు సమం.

ఈరమ్మకు గీతల సంగతి చెబుతుంటే సుంకులు విన్నది. ఎడమ మణికట్టుకు కట్టు ఉంది. కుడిచేత్తో పుస్తకం లాక్కుంది. చదవడం నేనే నేర్పాను.

"ఇదేనా నాది?"

"అదే మా."

"పెండ్లి మేళం విని చప్పట్లు కొడితే ఇరిగింది. ఎంత నొప్పి పుట్టింది నాయనా నాకు! నువ్వు ఉట్టి గీత గీసినావా?"

"రాస్తే మళ్లా అయితాదని..."

"రాయకపోతే కాలేదా?"

నేను పుస్తకం కోసం చెయ్యి చాపాను.

"నొప్పి పుట్టింది నాకు. గీతకు కాదు" అని పుస్తకం నా ఒళ్లో పడేసి గోడవైపు తిరిగింది. సాయంత్రం దాకా అడుగులు వెయ్యలేదు.

రోజు 4,416

తొట్లు సమం.

గీతల పక్కన ఇప్పుడు రాసుకోవచ్చా అని కచేరీలో అడిగాను. వెనక తేదీ రాతలు చెల్లవట. గీత అంటే విరగడమేనని రుజువు చేస్తే సభలో వింటారట. సభ 4,420న.

రుజువు నా దగ్గర ఉంది. తెలివి వల్ల తట్టలేదు, కోపం వల్ల తట్టింది. గీత అంటే ఏమీ లేదు అన్నాడు కదా. అయితే నా పుస్తకంలో తొట్ల దగ్గర గీసిన గీతలు? తొట్టి తెగిన ప్రతిసారీ గొట్టాల్లో ఉన్న మీటరు దానంతటదే కచేరీకి కబురు పంపుతుంది. ఆ జాబితా వాళ్ల దగ్గరే ఉంది. రెండూ పక్కపక్కన పెడితే చాలు.

రెండో పూట నీరుగంటి కుళ్లాయప్పకు చెప్పాను. పన్నెండేళ్లుగా ఒకే పని చేస్తున్నాం. నాతో పుట్టని తమ్ముడు. వాడు చేతిలో రెంచి కింద పెట్టేశాడు.

"సభలో ఆ మాట అంటావా అన్నా?"

"అంటా."

"అందరి ముందరా? చక్రం తిరుగుతాంటే?"

"తిరగకుంటే అనేదానికి మనముండం."

"నీకు యాళాకోళంగా ఉండాది! ముత్యాలప్ప ఏం చెప్పె మనకు? ఒక్కతూరి నోట్లో పడిందంటే నీళ్లు ఇంటాయి అనె. ఎనిమిది వందల మంది ఉండారు ఈడ. నా బిడ్డలుండారు."

"నా బిడ్డ ఉండాది కుళ్లాయీ."

"కావాలంటే నా వంతు నీళ్లన్నీ దానికే పోస్తా. ఆ మాట మాత్రం వద్దు."

"దానికి నీళ్లొద్దు. మందు కావల్ల."

వాడు వెళ్లిపోయాడు. పూట మారేటప్పుడు తొట్ల తాళం చేతికి ఇవ్వకుండా గూట్లో పెట్టిపోయాడు. పన్నెండేళ్లలో ఇదే మొదటిసారి.

రోజు 4,420

తొట్లు సమం. సభ ఉందని ఐదో వీధి నుంచి ముందే నీళ్లు తోడాను.

సభలో అరవై మంది దాకా ఉన్నారు. ముకుందరావు, ఇంకో ఇద్దరు పెద్దలు బల్ల వెనక. లెక్కరి గొంతు గోడలోంచి వస్తుంది. కుళ్లాయప్ప చివర నిలబడ్డాడు, చేతులు కట్టుకుని. ఈరమ్మ సుంకులును చక్రాల కుర్చీలో తెచ్చింది. వద్దన్నాను. "దాని ఎముకలు గదా, అది ఇనొద్దా?" అన్నది.

పుస్తకం తెరిచాను. ఈ ఏడాది తొట్ల దగ్గర గీతలు తొమ్మిది. తేదీలు చదివాను. నా పూటలో మీటరు పంపిన జాబితా చదవమని ముకుందరావును అడిగాను. ఆయన చదివాడు. తొమ్మిదీ అవే.

"అంటే ఈ గీతలకి అర్థం ఏమిటి? మీ నోటితో చెప్పాలి. నమోదు కావాలి" అన్నాడు.

"గండి" అన్నాను. "తొమ్మిదిసార్లు గండి పడింది."

వెనక ఎవరో "సామీ" అన్నారు. చక్రం తిరుగుతూనే ఉంది.

ముకుందరావు రాసుకున్నాడు. "తొట్ల సంగతి ఒప్పుకుంటాం. పిల్ల పేరు పక్కన గీత కూడా అదేనని ఏమిటి రుజువు? ఏ ఎముకో, ఎలా విరిగిందో ఇందులో లేదు కదా."

ఆ తరువాత నేను మాట్లాడినంత నా జన్మలో ఎప్పుడూ మాట్లాడలేదు. పుస్తకం మూసేశాను. చూసి చెప్పాల్సిన అవసరం లేదు.

"4,071. కుడి భుజం ముందరి ఎముక. నిద్దర్లో పక్కకు తిరిగింది. 4,118. ఎడమ ముంజేయి. గౌను తొడుగుతాంటే. 4,190. కుడి పాదం. పదో అడుగు ఏసిన పొద్దు. పడి కూడా నగుతానే ఉండె, పది పది అని అరస్తా. 4,266. ఎడమ మోకాలి కింద. నీళ్లు పోస్తాంటే వాళ్లమ్మ చేతిలోనే ఇరిగింది. నెల దినాలు ఆమె బిడ్డను ముట్టుకోలే. 4,331. పక్కటెముక. ఆడ నిలబడుండాడే కుళ్లాయప్ప, వాడు చెప్పిన జోకుకు నగి. 4,407. ఎడమ మణికట్టు. పెండ్లి మేళానికి చప్పట్లు కొట్టి."

ఊపిరి తీసుకున్నాను. ఆపలేకపోయాను.

"మందు లేనప్పుడు ఏడాదికి ఇరవై ఇరిగేవి సార్. ఇప్పుడు ఆరు. మందు పని చేస్తాండాది. పని చేసే ఎముకలు ముందంటిరి. నా బిడ్డ ఎముక రెండేండ్లు కూడా నడవకుండానే ఇన్నిసార్లు ఇరిగి ఇన్నిసార్లు అతుక్కునింది. మీ ఎముక గానీ నా ఎముక గానీ ఇంత పని యానాడన్నా చేసిందా?"

ముకుందరావు లెక్కరి వైపు చూశాడు.

అప్పుడు వెనక నుంచి కుళ్లాయప్ప ముందుకు వచ్చాడు.

"ఆ జోకు చెప్పింది నేనే సార్" అన్నాడు. "ఆ పాప నగి, అబ్బా అని పక్క పట్టుకునింది. కట్టు కట్టేదానికి గుడ్డ చించింది నేనే. నా పుస్తకంలో కూడా గీతలుండాయి. పద్నాలుగు." కళ్లు మూసుకున్నాడు. "గండ్లు. అన్నీ గండ్లే. రాసుకోండి."

రోజు 4,422

తొట్లు సమం.

కాగితం వచ్చింది. ఎనిమిదో ఎక్కింపు మంజూరు. ఇరుసుకు మార్చడం నిలిపివేత. ఈరమ్మ చదివించుకుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. కింద చిన్న అక్షరాలు నేను చదవలేదు, సుంకులు చదివింది.

"ఆరు నెలలకు పునఃపరిశీలన. ఎముకలు విరుగుట తగ్గినచో మందు నిలిపివేయబడును."

"అంటే ఇరగకపోతే మందు ఇయ్యరా నాయనా?"

"అట్లే రాసినారు మా."

"ఇరిగితే ఇస్తారా?"

"ఇస్తారు."

"మందు ఇచ్చేది ఇరగకుండా ఉండేదానికే గదా!"

ఎనిమిదేళ్ల పిల్లకు తెలిసింది. లెక్కరీ, ఈ పేజీ నీకే. పంటకు నీళ్లు పెట్టి, పంట బాగుంది కాబట్టి నీళ్లు ఆపేసే నీరుగంటిని మా వైపు చెప్పుతో కొడతారు. ఆరు నెలలకు మళ్లీ సభకు వస్తాను. ఆరు నెలలకోసారి వస్తూనే ఉంటాను. బసమ్మ పేరు కూడా చదువుతాను. ఆమెను ఇరుసుకు మార్చిన రోజు ఏదో కనుక్కుంటున్నాను.

రోజు 4,427

తొట్లు సమం. పూటంతా కుళ్లాయప్పే చూశాడు. తాళం నా చేతికే ఇచ్చాడు.

పొద్దున ఎనిమిదికి మొదలుపెట్టి రెండింటికి ముగించారు. నరం రెండోసారికి దొరికింది. షంషాద్ సూది పెడుతుంటే సుంకులు, "డాక్టరత్తా, దీంతో ఎనిమిదో గీతనా?" అని అడిగింది.

"ఎనిమిదోదే."

"ఈ గీత మంచిది" అన్నది నావైపు చూసి.

జ్వరం లేదు.

రోజు 4,434

నాయన పుస్తకం నాకిచ్చినాడు. తొట్లు పన్నెండూ సమమంట. నాయన చెప్తాండాడు, నేను రాస్తాండా.

ఈ పొద్దు పదకొండు అడుగులు ఏసినా. అమ్మ కూచో అన్నాది. నేను కూచోలే. పన్నెండు ఏసినా. పదమూడు కూడా ఏసినా. ఆడ కుడికాలి చిటికెన ఏలు ఇరిగింది. టప్పుమని ఇనపడింది. శానా నొప్పి. ఏడ్చినా. అమ్మ కట్టు కడతాండాది. నాయన పండ్లు కొరుకుతాండాడు.

లెక్కరీ, ఇది గీత కాదు. ఇరిగింది. పదమూడో అడుగులో ఇరిగింది. రెండూ రాసుకో.